బరువు పెరగని మాటలు

2004 ఎండాకాలం. బాన్సువాడ బస్టాండు ఎదురు సందులో, మెట్లెక్కగానే మొదటి గది నా దుకాణం. బోర్డు మీద "వీడియో షూటింగ్, మిక్సింగ్, క్యాసెట్ టు సీడీ" అని ఉండేది. లోపల రెండు వీసీఆర్‌లు, ఒక కంప్యూటరు, గోడ నిండా పెళ్లి క్యాసెట్లు. అప్పటికి పన్నెండు పదమూడేళ్లుగా చుట్టుపక్కల పెళ్లిళ్లన్నీ నా కెమెరాలోంచే చూశాను. ఆ ఏడాది మాత్రం షూటింగుల కంటే పాత క్యాసెట్లే ఎక్కువ వచ్చేవి. టేపులకు తెల్లగా బూజు పడుతోందని, మొత్తం పాడు కాకముందే సీడీ చేసిపెట్టమని జనం సంచుల్లో వేసుకుని తెచ్చేవారు.

చదివేవారికి ఈ పని తెలియదు కాబట్టి చెబుతాను. కంప్యూటరులో క్యాప్చర్ కార్డు అనేదాన్ని బిగిస్తే, వీసీఆర్‌లో ఆడే బొమ్మను అది పట్టుకుని ఫైలుగా మారుస్తుంది. మూడు గంటల క్యాసెట్టుకు మూడు గంటలూ పట్టాల్సిందే, తొందరపెట్టడానికి వీల్లేదు. ఆ మూడు గంటలూ ఖాళీగా కూర్చోలేక నేను కంప్యూటరులో కనబడిన ప్రతి మెనూ తెరిచి చూసేవాణ్ణి. మూత ఉన్న డబ్బా కనిపిస్తే తీసి చూడందే నిద్ర పట్టని మనిషిని. ఆ జబ్బు వల్లే ఈ కేసు నెత్తికెత్తుకున్నాను, సగం తెలుసుకుని మొత్తం తెలిసినట్టు మాట్లాడడం వల్లే దాన్ని పాడుచేశాను.

ఏప్రిల్‌లో ఒక పొద్దున నస్రుల్లాబాద్ నుంచి ఒక పెద్దావిడ మనవరాలి చెయ్యి పట్టుకుని మెట్లెక్కింది. పేరు సాయవ్వ. మనవరాలు స్వరూప, అప్పుడే ఇంటర్ పరీక్షలు రాసింది. అవ్వ సంచిలోంచి తువ్వాలలో చుట్టిన మూడు క్యాసెట్లు తీసి బల్ల మీద పెట్టింది. 1994లో ఆమె చిన్నకొడుకు పెళ్లికి నేనే తీసినవి.

"నువ్వేనా గప్పుడు లైటు పట్టుకొని తిరిగిన క్యాంపు పిల్లగానివి?" అంది. మావాళ్లు తాతల కాలంలో కోస్తా నుంచి వచ్చి వర్ని దగ్గర కాలువ కింద పొలాలు చేసుకున్నవాళ్లు. మా ఊళ్లను ఇక్కడివాళ్లు క్యాంపులంటారు.

"లైటు కాదవ్వా, కెమెరా."

"ఏదో ఒకటి. పెండ్లంత నా మొకం మీదనే కొట్టినవ్."

సీడీ చేయాలా అని అడిగాను. చేయాలి గానీ అంతకుముందు ఇంకో పని ఉందంది స్వరూప. అవ్వ కళ్లకు నీటికాసులట, డాక్టర్లు గ్లకోమా అనే జబ్బు. నిజామాబాద్ దవాఖానలో చుక్కలు ఇచ్చారట. "ఉన్న చూపు కొన్నొద్దులు ఆగుతదంట అన్నా, పోయింది మాత్రం మల్ల రాదంట" అని నెమ్మదిగా చెప్పింది.

"ఏం మెల్లగ చెప్తవే, నాకు తెల్వదా" అంది సాయవ్వ. "గొట్టంలకెల్లి చూసినట్టున్నది బిడ్డా. దినాం గొట్టం సన్నగైతున్నది. మూసుకపోకముందే గీ పెండ్లి మొత్తం చూసి చెప్త. ఎవరు ఏడ నిలవడ్డరు, ఏం కట్టుకున్నరు, ఏం జేస్తుండ్రు, అన్ని చెప్త. నువ్వు రాయి. ఎనుక గీ పిల్ల చదువుతది, నేను ఇనుకుంట చూస్త."

క్యాసెట్లు తెచ్చేవాళ్లంతా పిల్లలకు చూపించడానికో, అమెరికా బంధువులకు పంపడానికో అడిగేవారు. చూపు పోయాక చూడడానికి సీడీ అడిగిన మనిషి ఆమె ఒక్కతే.

స్వరూప ఇంట్లో నోట్‌బుక్కులో రాయడానికి ప్రయత్నించిందట. రాసేలోపు క్యాసెట్టు ముందుకు పోతుంది, ఏ పేజీ ఏ బొమ్మదో తెలియకుండా పోయింది. అందుకే బొమ్మకు మాట అంటుకుని ఉండే మార్గం ఏమైనా ఉందా అని నా దగ్గరికి వచ్చారు. నా ఛాతీ ఉబ్బింది. మెనూలు తెరిచి చూసే అలవాటు ఇన్నాళ్లకు పనికొచ్చింది. కంప్యూటరులో ఏ ఫైలు మీదైనా మౌసు కుడి బటన్ నొక్కి ప్రాపర్టీస్ తెరిస్తే, అందులో సమ్మరీ అనే పేజీ, ఆ పేజీలో కామెంట్స్ అనే గడి ఉండేవి. ఆ గడిలో ఎంతైనా రాసుకోవచ్చు. వీడియో గురించిన వివరం వీడియోతోనే ఉంటుంది. దీన్ని మెటాడేటా అంటారని ఎక్కడో చదివాను, ఆ మాట కూడా వాళ్ల ముందు వాడాను.

మూడు క్యాసెట్లనూ ఘట్టాల వారీగా ముక్కలు చేస్తే ముప్పై ఎనిమిది ఫైళ్లయ్యాయి. తొమ్మిది రోజులు, రోజూ పొద్దున మొదటి బస్సుకు ఇద్దరూ వచ్చేవారు. అవ్వ తెరకు జానెడు దూరంలో కూర్చునేది. తల అటూ ఇటూ తిప్పుతూ, ఆ గొట్టంలోకి ఒక్కొక్క మొహాన్నే తెచ్చుకుని చెప్పేది. నేను ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు టైపు చేసేవాణ్ణి. అప్పట్లో నా కంప్యూటరుకు తెలుగు అక్షరం తెలియదు.

"గీ ఎర్ర అంచు చీర మా డోంగ్లి మరదలు. మరాఠోళ్ల దిక్కు ఊరిది, మరాఠీలనే తిడ్తది, మరాఠీలనే ముద్దుజేస్తది. దాని పక్కన గోడకు ఒరిగినోడు మా అన్న. కోపం మీద ఉన్నడు, మొదటి బంతిల కూసోవెట్టలేదని. గదో, గిప్పుడు లేచిపోతడు సూడు." నిజంగానే ఆ మనిషి లేచి ఫ్రేములోంచి వెళ్లిపోయేవాడు. పెళ్లి తీసింది నేను, కలర్లు చూసి మిక్సింగ్ చేసింది నేను, కానీ ఆ పెళ్లిలో ఏం జరిగిందో పదేళ్ల తర్వాత ఆమె చెబితేనే నాకు తెలిసింది.

ఒక్క విషయంలో మాత్రం రోజూ తిట్లు తిన్నాను. ఆ కాలంలో మిక్సింగ్ అంటే పెళ్లిలోని అసలు శబ్దం తీసేసి, ఘట్టానికో సినిమా పాట వేయడం. ఎక్కువ పాటలు వేసినవాడే గొప్ప పనివాడు.

"అందరు నోర్లు ఆడిస్తుండ్రు, ఒక్క మాట ఇనవడదు. మా మాటలన్ని మింగి నీ పాటలు పెడితివి. పదేండ్లసంది గీ పాటలే ఇంటున్న, చెవులు తుప్పువట్టినయ్."

"అప్పుడు అందరూ అదే అడిగేవారండి."

"అండి లేదు, గిండి లేదు. నేను అడిగిన్నా?"

అయిదో రోజో ఆరో రోజో నాకొక వింత కనిపించింది. ఒక ఫైలుకు రెండు పేజీలంత కామెంటు రాశాను. రాయకముందు ఫైలు సైజు ఎంతో, రాశాక కూడా అంతే. ఒక్క బైటు పెరగలేదు. బైటంటే ఫైలు బరువుకు గురిగింజంత తూకం అనుకోండి. ఎంత చక్కటి ఏర్పాటో అని మురిసిపోయి, అవ్వకు గొప్పగా చెప్పాను. "ఎంత రాసినా బరువు పెరగదవ్వా."

ఆమె తెర మీంచి మొహం తిప్పి నా వైపు చూసింది. "సంచిల రెండు కుంచాల వడ్లు పోసినవ్. మల్ల తూకం ఏసినవ్. బరువు పెరుగలే. అంటే ఏంది?"

"ఏమిటి?"

"వడ్లు సంచిల పడలే. పక్కకు ఏడనో పడ్డయ్."

స్వరూప కిసుక్కున నవ్వింది. నేనూ నవ్వాను. కంప్యూటరు సంగతి వడ్ల సంచితో తేల్చేస్తే ఎలా అవ్వా అన్నాను. ఆమె తెర వైపు తిరిగింది.

చివరి రోజు బరాత్ ముక్క. కొత్త కోడలిని తీసుకుని పొద్దుగూకే వేళ ఊళ్లోకి వచ్చిన ఊరేగింపు, ముందు బ్యాండు. సాయవ్వ భర్త 1998లో పోయాడు. ఊళ్లో ఆయన నవ్వగా చూసినవాళ్లు తక్కువట. ఆ సాయంత్రం మాత్రం ఆయన తువ్వాల తీసి గాల్లో తిప్పి, బ్యాండు ముందు నాలుగడుగులు ఆడాడు. అంతా కలిపి ఒక నిమిషం కూడా ఉండదు.

"నలభై ఏండ్ల కాపురంల ఒక్కపారి ఎగిరిండు" అంది అవ్వ. "గది నీ డబ్బల పడ్డది. గిదొక్కటి సక్కగ రాయి బిడ్డా. మిగిలినయి పోయినా ఫికర్ లేదు."

ఆ రోజు స్వరూప అవ్వను దింపి, ప్రవేశ పరీక్ష హాల్ టికెట్ కోసం కాలేజీకి పోయింది, మేమిద్దరమే ఉన్నాం. ఆ నిమిషాన్ని అయిదుసార్లు వేయించుకుంది. ఆడుతూ ఆడుతూ ఆయన ఒక పక్కకు తిరిగి ఏదో అంటాడు. గొంతు నా పాట కింద పోయింది, పెదాలు మాత్రం కదులుతాయి. అవ్వ ముక్కు అద్దానికి తగిలేంత దగ్గరికి వంగి ఆ పెదాలను చూసింది. చూసి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వి, ఆయన అన్న మాట చెప్పింది. నేను కీబోర్డు చూసుకుంటూ గబగబా టైపు చేశాను. ఆ మాట ఇక్కడ రాయాలని నాకూ ఉంది.

వారంలో సీడీలు చేసి ఇస్తానన్నాను. ముందు అవ్వను కూర్చోబెట్టుకుని కంప్యూటరు మీద ఒకసారి మొత్తం విందాం, ఆ తర్వాత కామెంట్లు కాగితాల మీద తీసిస్తాను అన్నాను. వారం నెలయింది. పెళ్లిళ్లు ముంచుకొచ్చాయి. స్వరూప రెండుసార్లు ఫోను చేసింది, రెండుసార్లూ వచ్చే వారం అన్నాను. వానాకాలంలో ఎవరో తెచ్చిన సీడీలోంచి వైరస్ వచ్చి కంప్యూటరు మొరాయించింది. డిస్కు మొత్తం తుడిచేసి మళ్లీ మొదలుపెట్టడం తప్ప దారి లేదు. దీన్ని ఫార్మాట్ అంటారు. అందుకని నా దగ్గరున్న పాత డిస్కు ఒకటి తగిలించి, ఫైళ్లన్నీ దాంట్లోకి కాపీ కొట్టాను.

కాపీ మొదలవగానే ఒక పెట్టె వచ్చి ఇంగ్లీషులో ఏదో అడిగింది. కిందే "ఎస్ టు ఆల్" అనే బటన్ ఉంది, అన్నిటికీ సరే అని. నొక్కేశాను. ఆ రోజుల్లో అలాంటి పెట్టెలు రోజుకు యాభై వచ్చేవి, ఒక్కటీ చదివేవాణ్ణి కాదు. తర్వాత ఫార్మాట్ చేశాను, ఫైళ్లు మళ్లీ వెనక్కి తెచ్చుకున్నాను. ముప్పై ఎనిమిది వీడియోలూ చక్కగా ఆడాయి.

దసరా సెలవుల్లో ఇద్దరూ వచ్చారు. ఈసారి మెట్ల మీద స్వరూప వెనక నుంచి పట్టుకుని ఎక్కించింది. వెలుతురు ఎటుందో మాత్రమే అవ్వకు తెలుస్తోంది. అలవాటైన కుర్చీలోనే కూర్చుని, కొంగు సర్దుకుని, మొహం తెర వైపు పెట్టింది.

"పెట్టు బిడ్డా. బరాతే ముందు పెట్టు. స్వరూపా, నిమ్మలంగ చదువు."

బరాత్ ఫైలు ప్రాపర్టీస్ తెరిచాను. కామెంట్స్ గడి తెల్లగా ఉంది. ఇంకో ఫైలు తెరిచాను, అదీ అంతే. పది, పన్నెండు తెరిచాను. స్వరూప నా మొహం చూసింది.

"ఏందే, చదువుతలేవు?"

కరెంటు పోయిందని చెప్దామా అనిపించింది, నిజం చెబుతున్నాను. స్వరూప చెబితే తప్ప ఆమెకు తెలిసే అవకాశం కూడా లేదు. ఆ ఆలోచన వచ్చినందుకే నా మీద నాకు అసహ్యం వేసింది. "పోయాయవ్వా. నువ్వు చెప్పినవన్నీ పోయాయి. తప్పు నాదే" అన్నాను.

ఆమె తిడుతుందని ఎదురుచూశాను. "గప్పుడే చెప్పిన గద. వడ్లు సంచిల పడలేదని" అంది. లేచి స్వరూప చెయ్యి వెతుక్కుంది. వాళ్లు మెట్లు దిగే చప్పుడు వింటూ కూర్చున్నాను, లేచి సాయం పట్టడానికి కూడా మొహం చెల్లలేదు.

ఆ తర్వాత వారం రోజులు నేను చేసిన పని అదొక్కటే. ఒక పనికిరాని వీడియో తీసుకుని కామెంట్స్‌లో అవ్వ పేరు రాశాను. పాత డిస్కులోకి కాపీ కొట్టాను. అదే పెట్టె వచ్చింది. ఈసారి డిక్షనరీ పక్కన పెట్టుకుని చదివాను. ఈ ఫైలుకు అదనపు సమాచారం అంటుకుని ఉంది, కాపీ చేస్తే అది పోవచ్చు, ఫైలులోని అసలు విషయానికి మాత్రం ఏమీ కాదు, కొనసాగించమంటారా అని ఉంది. నన్ను అడిగే తుడిచింది. నిజామాబాద్‌లో కంప్యూటరు పాఠాలు చెప్పే తెలిసినాయన ఒకరు మిగతాది విప్పిచెప్పారు. ఆ గడిలో రాసినవి వీడియో లోపలికి పోవు. డిస్కు మీద వీడియో పక్కన కనబడని జేబులాంటిది ఒకటుంటుంది, అందులో దాస్తుంది. ఆ జేబు కొత్త రకం డిస్కులకే ఉంటుంది, నా పాత డిస్కుకు లేదు, సీడీకి అసలే ఉండదు. అంటే వైరస్ రాకపోయినా, నేను చెప్పిన వారంలోనే సీడీ చేసి ఇచ్చినా, ఆ సీడీలో ఒక్క మాట ఉండేది కాదు. వడ్ల సంచి తూకం తెలిసిన మనిషి ఎప్పుడో చెప్పిన సంగతి తెలుసుకోవడానికి నేను నిజామాబాద్ దాకా పోవాల్సి వచ్చింది.

బస్సెక్కి నస్రుల్లాబాద్ పోయి అవ్వకు ఇదంతా చెప్పాను. చెప్పకుండా ఉండలేకపోయాను. ఆమె మంచం మీద కూర్చుని శ్రద్ధగా వింది. "జేబుల పెట్టి, అంగి ఇడిచేసినవన్నట్టు" అంది. అంతే. క్యాసెట్లు తిరిగి ఇచ్చేద్దామని వెంట తీసుకెళ్లాను. టేపులు బాగున్నాయో లేదో చూసి ఇస్తానని వాళ్లింటి వీసీఆర్‌లో ఒకటి పెట్టాను. పాట మొదలైంది.

అవ్వ తల ఎత్తింది. "ఆగు. గిది ఎదురుకోళ్ల పాట." పెళ్లికి తరలివచ్చిన మగపెళ్లివారికి ఆడపెళ్లివారు ఎదురొచ్చి గులాలు చల్లుకునే వేడుక అది. "గిప్పుడు మా అన్న ఎడమదిక్కుకెల్లి వస్తడు. చేతిల గొడుగు. స్వరూపా, వచ్చిండా?"

స్వరూప తెర చూసి కేక పెట్టింది. "వచ్చిండవ్వా! గొడుగున్నది!"

"పాట రెండో చరణంల మరదలు నా మీద గులాలు కొడ్తది."

రెండో చరణం వచ్చింది, గులాలూ వచ్చింది. పదేళ్లుగా ఆ క్యాసెట్టు చూసిచూసి, ఏ పాటలో ఏ పాదం దగ్గర ఎవరు వస్తారో ఆమెకు కంఠతా వచ్చేసింది. వాళ్ల మాటలన్నీ మింగేశాయని ఆమె తిట్టిన నా పాటలే ఇప్పుడు ఆమెకు దారి చూపుతున్నాయి.

మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాం. ఈసారి నేనే వాళ్లింటికి పోయేవాణ్ణి. గడులూ జేబులూ వద్దనుకుని, ఒక్కో వీడియో పక్కన అదే పేరుతో మామూలు టెక్స్ట్ ఫైలు పెట్టాను, వరుసకో సమయం వేసి, పక్కన అవ్వ మాట. ఇంట్లో ఆమె చెప్పగా కాగితం మీద రాసుకుని, దుకాణానికి వచ్చి ఎక్కించేవాణ్ణి. మొదటిది పూర్తవగానే ఆమె అడిగింది, "బరువు పెరిగిందా?"

"ఆరు కేబీ పెరిగిందవ్వా. కానీ ఇది కూడా లోపల కాదు, పక్కన ఇంకో సంచి."

"పక్కకుంటే ఏమాయె, కండ్లకు కనవడాలె. కనవడితే ఎవరన్న ఎత్తుకపోతరు."

బరాత్ ముక్కను చివరికి ఉంచుకున్నాం. బ్యాండు మీద నేను వేసిన పాట మొదలైంది. అవ్వ వేళ్లతో మంచం పట్టె మీద దరువేస్తూ, తాత తువ్వాల తీయడం, తిప్పడం, నాలుగడుగులు, అన్నీ సరిగ్గా సమయానికి చెప్పింది. అప్పుడు స్వరూప తెరకు దగ్గరగా వంగింది.

"అవ్వా, గీ పక్కకు పచ్చ చీర ఎవరు? తాత ఆమె దిక్కే తిరిగి ఏదో అంటుండు."

"ఏమో. ఎవరో ఉంటరు."

నేనూ చూశాను. ఫ్రేము అంచున హారతి పళ్లెం పట్టుకుని, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వుతున్న మనిషి. రెండు విడతలుగా వందకు పైగా మనుషుల పేర్లు రాయించిన సాయవ్వ, తన పేరు ఎక్కడా విడిగా రాయించలేదు. నేను కూడా ఆ సంగతి గమనించలేదు.

"అది నువ్వే అవ్వా" అంది స్వరూప.

"నేనా? ఏం జేస్తున్న?"

"నవ్వుతున్నవ్. మస్తు నవ్వుతున్నవ్."

"తాత నీతోని ఏమన్నడు?" అని స్వరూప అడిగింది. అవ్వ చెయ్యి తనంత తానే నోటి మీదికి పోయింది, సరిగ్గా తెర మీద పోయినట్టే.

"గీ వీడియో పిల్లగాన్నే అడుగు. ఎండకాలంల చెప్పిన, రాసుకున్నడు."

ఇద్దరూ నా వైపు తిరిగారు. ఎంత గుర్తుచేసుకున్నా రాలేదు. నా వేళ్లతో ఒక్కొక్క అక్షరమూ కొట్టాను. గడిలో ఉంది కదా అనే ధీమాతో మెదడులో ఏమీ ఉంచుకోలేదు. గుర్తులేదవ్వా అన్నాను. మళ్లీ చెప్పమని బతిమాలాను.

"చెప్ప" అంది నవ్వుతూనే. "ఒకపారి ఇచ్చిన, పోగొట్టినవ్. ఇగ గది నా తానే ఉంటది."

ఆ ఫైలులో ఇప్పటికీ ఆ వరుస ఇలాగే ఉంది: తాత అవ్వతో ఒక మాట అన్నాడు, అవ్వ నవ్వింది.

ఆ తర్వాత నా దగ్గరికి వచ్చిన ప్రతి క్యాసెట్టుకూ పక్కన ఒక టెక్స్ట్ ఫైలు పెట్టాను, అడిగినా అడగకపోయినా. కాపీ కొట్టేటప్పుడు పెట్టె వస్తే ఆగి చదువుతాను. అసలు విషయానికి ఏమీ కాదని కంప్యూటరు చెబితే, ఏది అసలు విషయమో తేల్చాల్సింది అది కాదని, ఆ క్యాసెట్టు తెచ్చిన మనిషని ఈ కేసు నేర్పింది. కంప్యూటర్లు ఎన్ని మార్చినా ఆ బరాత్ ముక్కను వెంట తెచ్చుకున్నాను. అప్పుడప్పుడు పాట ఆపేసి, ఆయన పెదాలు మాత్రమే చూస్తాను. నాలుగక్షరాలో అయిదక్షరాలో ఉంటాయి. ఆ మాట ఇంతవరకూ నాకు దొరకలేదు.